ఈ ముక్కలో లేదు

మా ఇంట్లో ఎవరి ఒంటి మీద పుట్టుమచ్చ పెరిగినా ముందు నాకు చూపించేవాళ్ళు. ఎదురింటావిడ మెడ మీద గడ్డ, అన్నయ్యతో పనిచేసే డ్రైవర్ నాలుక మీద పుండు, ఎవరిదో అత్తగారి రిపోర్టు, అన్నీ మా వంటింటి బల్ల మీదికే వచ్చేవి. నేను డాక్టర్ని కాదు. ఆస్పత్రి బయాప్సీ ల్యాబులో ముక్కలు కోసేదాన్ని. ఆ సంగతి అందరికీ తెలుసు. అయినా కవరు నా చేతిలో పెట్టి నా మొహంలోకి చూసేవాళ్ళు. నేను బొటనవేలితో కవరు చించి, చదివి, "ఏం పర్లేదు" అనో, "వెంటనే డాక్టర్ దగ్గరికి పరిగెత్తండి" అనో చెప్పేదాన్ని. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా "నాకు తెలీదు" అన్న గుర్తు లేదు. అనాల్సిన చోట కూడా అనలేదు. అదీ నా గొప్ప.

ఆ ఎండాకాలం మొదట్లో వదినకి గడ్డ వచ్చింది.

ఇంట్లో మేం ముగ్గురమే. అన్నయ్య సిటీ బస్సు నడుపుతాడు. వదిన ముందుగదిలో మిషన్ కుడుతుంది. నేను పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళు అడిగీ అడిగీ అలిసిపోయారు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు వదిన ఈ ఇంట్లో అడుగు పెట్టింది. వచ్చిన మర్నాడే నా తలలో పేలు తీసింది. నాకు నలభై నాలుగు వచ్చినా ఇప్పటికీ "పిల్లా" అనే పిలుస్తుంది.

"పిల్లా, ఇలా రా. తలుపు వేసి రా" అంది ఓ ఆదివారం. మెడలో కొలతల టేపు వేలాడుతోంది. నా చెయ్యి పట్టుకుని ఎడమ చంక కిందికి, రొమ్ము పక్కకి తీసుకెళ్ళి పెట్టింది.

కుంకుడుకాయంత ఉంది. నొక్కితే కదలలేదు.

"ఎన్నాళ్ళయింది?"

"మిషన్ బల్ల అంచు తగిలినప్పుడల్లా తెలుస్తోంది. నెలయిందేమో."

"నెల్రోజులూ నోరు కుట్టేసుకుని కూర్చున్నావా?"

"తెరిస్తే నువ్వు ఇలా అరుస్తావనే."

మర్నాడే స్కానింగ్ తీయించాను. సర్జన్ ఫిల్ము చూసి, నీడ అంచులు సాఫీగా లేవు, ముక్క తీసి పరీక్ష చెయ్యాలన్నాడు. రెండు రోజుల తర్వాత సూదితో తీశారు. బయటికొచ్చిన వదిన నా భుజం మీద చెయ్యేసి, "సూది అంటే మన సూదే అనుకున్నానే. అది టక్కుమని పేలుతోంది. ముప్ఫై అయిదేళ్ళుగా సూదుల్తో బతుకుతున్నా, ఇలాంటిది చూళ్ళేదు" అంది. అన్నయ్య మాత్రం గోడకానుకుని నిలబడి నా వంకే చూస్తున్నాడు. వాడి ధైర్యమంతా నేనే.

ల్యాబులో మాకో నియమం ఉంది. ఎవరింటి మనిషి ముక్క వస్తే వాళ్ళు ముట్టుకోకూడదు, పక్కవాళ్ళకి ఇచ్చెయ్యాలి. ఎక్కడా రాసిపెట్టి లేదుగానీ అందరం పాటిస్తాం. ఆ నెలలో నా తోటి టెక్నీషియన్ కూతురి పురిటికని సెలవు పెట్టింది. ఒక్కరోజు ఆగితే పై అంతస్తు నుంచి ఇంకెవర్నైనా పంపేవాళ్ళు. నేను ఆగలేదు. మా వదిన ముక్క వేరేవాళ్ళ చేతుల్లో చిరిగిపోతుందని సాకు చెప్పుకున్నాను. అసలు సంగతేమిటంటే అందరికంటే ముందు నాకు తెలియాలి.

సీసాలో మందునీళ్ళ అడుగున నాలుగు తెల్లటి పోగులున్నాయి. సూది ముక్కలు అలాగే ఉంటాయి, తెగిన దారప్పోగుల్లా. వాటిని రాత్రంతా ల్యాబు మిషన్‌లో నానబెట్టి, నీరంతా పిండి, మర్నాడు కరిగించిన మైనంలో పెట్టి గడ్డకట్టించాలి. ఎండాకాలం మైనం మాట వినదు. మెత్తబడి ముడతలు పడుతుంది. అందుకని ఆ మైనం దిమ్మని ఐసు ట్రే మీద బోర్లించి, చల్లబడ్డాక కోత యంత్రం కత్తికి ఎదురుగా బిగించి చక్రం తిప్పాలి. ఒక్కో తిప్పుకి ఒక్కో పొర, కంటికి ఆనీ ఆననట్టు, రిబ్బనులా వస్తుంది. దాన్ని గోరువెచ్చటి నీళ్ళ మీద పరిచి గాజు పలక మీదికి ఎత్తి పక్కగదికి పంపితే, అక్కడ రంగుల బాబాయ్ ఊదా, గులాబీ రంగులు వేస్తాడు. ఆయన అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. రంగులయ్యాక పలక డాక్టరమ్మ మైక్రోస్కోప్ కిందికి వెళ్తుంది. చూసేదీ, రాసేదీ ఆవిడే.

నాకో నమ్మకం ఉండేది. కత్తి కింద మెత్తగా తెగేది మంచి ముక్క, గరగరమని అడ్డుపడేది చెడ్డ ముక్క. ఈ మాట నాకెవరూ నేర్పలేదు. కోసి కోసి నాకు నేనే కనిపెట్టుకున్నాను. నిజమైనప్పుడల్లా రంగుల బాబాయ్‌కి చెప్పి మురిసిపోయేదాన్ని. తప్పినవి గుర్తుపెట్టుకోలేదు.

"కోసేవాళ్ళకి చేతులే, చూసేవాళ్ళకి కళ్ళే. నీది చేతుల ఉద్యోగం తల్లీ" అనేవాడు బాబాయ్.

"చేతులకి తెలిసినన్ని కళ్ళకి తెలీవు" అనేదాన్ని. నా నోటికి హద్దేముంది.

వదిన దిమ్మ వెన్నలా తెగింది. ఒక్క గరగర లేదు. చక్రం ఆపి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కాసేపు కూర్చున్నాను. నవ్వొచ్చింది. నిజం చెప్పొద్దూ, అప్పుడే ఇంటికి ఫోన్ చెయ్యాలనిపించింది.

ఆ సాయంత్రం కంచాల ముందు కూర్చున్నాక, "నేనే కోశాను. ఏమీ లేదు" అన్నాను.

అన్నయ్య ముద్ద నోటి దాకా తీసుకెళ్ళి ఆపాడు. "ఏమీ లేదంటే?"

"లేదంటే లేదే. మెత్తగా తెగింది."

"రిపోర్టు వచ్చిందా?"

"రేపో ఎల్లుండో వస్తుంది. అందులో మాత్రం ఏం రాస్తారు?"

అన్నయ్య ఎడమచేత్తో మొహం తుడుచుకున్నాడు. వదిన నా కంచంలో ఇంకాస్త కూర వేసింది. "మా ఇంటి డాక్టరు చెప్పాక ఇంక ఎవరు చెప్పాలి" అని నవ్వింది. వారం రోజుల తర్వాత ఆ రోజే తను కడుపునిండా తినడం చూశాను.

రెండో రోజు రిపోర్టు వచ్చింది. మామూలు మనిషైతే కవరు తీసుకుని తిన్నగా సర్జన్ దగ్గరికి వెళ్తుంది. మా వదినకి నేనున్నాను కదా. ల్యాబులో సంతకం పెట్టి కవరు బ్యాగులో వేసుకుని ఇంటికి తెచ్చాను. గుమ్మంలోనే చించి మొదటి వాక్యం పైకి చదివాను. "పరీక్షించిన ముక్కల్లో క్యాన్సర్ కనబడలేదు."

"చెప్పలా!" అన్నాను.

అన్నయ్య కుర్చీలో కూలబడ్డాడు. అప్పుడు రెండో వాక్యం చూశాను. స్కానింగ్‌లో కనిపించినదానికీ దీనికీ పొంతన లేదు, మళ్ళీ ముక్క తీసి పరీక్షించాలి అని ఉంది.

"మళ్ళీ తియ్యాలట" అన్నాను, మెల్లిగా.

వదిన ఖాకీ లాగుకి అంచు మడుస్తోంది. బడులు తెరిచేలోపు రెండు వందల యూనిఫారాలు అందించాలి. గదిలో గుడ్డల కట్టలు కిటికీ ఎత్తున ఉన్నాయి.

"ఎందుకు మళ్ళీ? లేదని రాశారుగా. నువ్వు కూడా చెప్పావుగా."

"రాశారనుకో..."

"ఆ సూది పొడిచాక మూడు రోజులు చెయ్యి లేవలేదు. ఇప్పుడు చెయ్యి పడిపోతే ఈ లాగులు ఎవడు కుడతాడు, మీ అన్నయ్యా? బడులు తెరిచాక చూద్దాం. ఏమంటావ్, తొందరేమైనా ఉందా?"

ఇద్దరూ నా వైపే చూశారు. అక్కడ నేను చెప్పాల్సిన మాట ఒకటుంది. అది చెబితే రెండు రోజుల క్రితం కంచం ముందు చెప్పిన మాట పోతుంది. నా చేతుల మీద నాకున్న నమ్మకం పోతుంది.

"తొందరేం లేదులే" అన్నాను.

అంతే. అంతకంటే పెద్దగా ఏమీ జరగలేదు. కాగితం మడిచి బీరువాలో పెట్టాను.

తర్వాతి వారాలు ఎలా గడిచాయంటే, గడిచాయి. పొద్దున ఐసు ట్రే నింపేదాన్ని, చక్రం తిప్పేదాన్ని, సాయంత్రం వచ్చి వదిన కుట్టిన చొక్కాలకి గుండీలు కుట్టేదాన్ని. ఒకరోజు చూస్తే మిషన్ బల్ల అంచుకి దూది పెట్టి గుడ్డ చుట్టి ఉంది, ఎడమవైపు. ఎందుకని నేను అడగలేదు. తనూ చెప్పలేదు. మర్నాడు ఆ గుడ్డ ఇంకాస్త మందమైంది. నాకు భయం వెయ్యాలి. వెయ్యలేదు. పంటికి మత్తు ఇంజెక్షన్ ఇచ్చాక పెదవి ఎలా ఉంటుందో లోపలంతా అలా ఉంది. ఉందని తెలుస్తుంది, గిచ్చితే తెలీదు.

ఏడు వారాలయ్యాక డాక్టరమ్మ నన్ను గదిలోకి పిలిచింది. తక్కువ మాట్లాడే మనిషి. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, "మీ వదినగారి రెండో ముక్క ఇంకా రాలేదే?" అంది.

"పని ఒత్తిడిలో ఉంది మేడమ్. యూనిఫారాలు..."

"సర్జన్ ఏమన్నారు?"

నేను చేతి తొడుగు విప్పి జేబులో కుక్కుకున్నాను.

"చూపించలేదా?"

"లేదని రాశారు కదా మేడమ్."

డాక్టరమ్మ కోపం తెచ్చుకోలేదు. తెచ్చుకున్నా బాగుండేది. "లేదని నేను రాయలేదు. ఈ ముక్కలో లేదని రాశాను. సూది గడ్డలోకి దిగిందో, పక్కన కొవ్వులోకి దిగిందో నాకెలా తెలుస్తుంది? స్కానింగ్ ఒకటి చెబుతూ ముక్క ఇంకొకటి చెబుతుంటే సూది తప్పిందేమోనని అనుమానించాలి. ఒక గది వెతికి ఇంట్లో దొంగ లేడంటామా?"

"మెత్తగా తెగింది మేడమ్" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎందుకొచ్చిందో ఇప్పటికీ అర్థం కాదు.

ఆవిడ నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. "అయితే?"

"మెత్తగా తెగితే మంచిదని..."

"ఎవరు చెప్పారు?"

ఎవరూ చెప్పలేదు. గుమ్మంలో రంగుల బాబాయ్ పలకల ట్రే పట్టుకుని నిలబడి ఉన్నాడు. విన్నాడు. వినలేదన్నట్టు వెనక్కి వెళ్ళిపోయాడు.

"ఇప్పుడు ఆ గడ్డలో ఉందా మేడమ్?"

"తెలీదు" అంది డాక్టరమ్మ. ఎంత తేలిగ్గా అందో. టైమెంతయింది అంటే చెప్పినట్టు. "మళ్ళీ తీస్తే తెలుస్తుంది. రేపే తీసుకురా."

ఇంటికెళ్ళేసరికి వదిన ఆఖరి కట్టలో ఉంది. బస్సులో దారంతా ఎలా చెప్పాలో కూడబలుక్కుంటూ వచ్చాను. గడప దాటగానే అన్నీ మర్చిపోయాను.

"వదినా, నేను తప్పు చెప్పాను."

"దేని గురించి?"

"గడ్డ గురించి. ఏమీ లేదని చెప్పాను కదా, అది నాకు తెలిసి చెప్పలేదు. తెలిసినట్టు చెప్పాను. రేపు మళ్ళీ వెళ్ళాలి."

మిషన్ ఆగింది. ఒక గుండీ కాజా సగంలో ఉంది. వదిన దాన్ని పూర్తి చేసింది, దారం పంటితో తెంపింది, చొక్కా మడిచి కట్ట మీద పెట్టింది. అప్పుడు అంది, "ఇది పెద్దదయిందిలే పిల్లా. నాకు తెలుస్తూనే ఉంది."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు లేదన్నావుగా. నేను ఉందంటే నీ మాట తీసేసినట్టుంటుందని."

నాకు ఏడుపు రావాల్సింది. రాలేదు. పెట్టెలో గుండీలు రంగుల వారీగా సర్దుతూ కూర్చున్నాను.

రెండోసారి స్కానింగ్ తెర మీద చూసుకుంటూ సూది దింపారు. అయిదు ముక్కలు. ఈసారి నేను ముట్టుకోలేదు. సెలవు నుంచి వచ్చిన నా తోటి టెక్నీషియన్‌కి సీసా అందించాను. మర్నాడు ఆవిడ కోస్తున్నంతసేపూ పక్కగదిలో గాజు పలకలు తుడుస్తూ కూర్చున్నాను. తుడిచినవే మళ్ళీ తుడిచాను. ఆవిడ పని ముగించుకుని చేతులు కడుక్కుంటుంటే ఉండబట్టలేక అడిగాను.

"ఎలా తెగింది?"

"ఎలా తెగుతుంది? మెత్తగానే తెగింది. వెన్నలా వచ్చింది రిబ్బను."

"గరగరమనలేదా?"

"లేదే. ఏం, కత్తి బాగాలేదా?"

"బాగానే ఉంది" అన్నాను.

మర్నాడు మధ్యాహ్నం డాక్టరమ్మ తలుపు దగ్గరికి తనే వచ్చింది. ఆవిడ కుర్చీలోంచి లేచి రావడం ఆ ఇరవై రెండేళ్ళలో మూడోసారో నాలుగోసారో. "క్యాన్సరే. సర్జన్‌కి నేనే ఫోన్ చేశాను" అంది. నా మోచేతి మీద ఒక్క క్షణం చెయ్యేసి వెళ్ళిపోయింది.

నా ముందు ఐసు ట్రేలో ఎవరివో ఎనిమిది దిమ్మలున్నాయి. అన్నీ కోశాను. అన్నీ మెత్తగానే తెగాయి. అందులో ఏది ఏదో నాకు ఒక్క ముక్క తెలియదు.

సాయంత్రం ఇంటికి వెళ్ళేముందు డాక్టరమ్మ గదిలోకి వెళ్ళి అడిగాను. "ఏడు వారాల ముందే వచ్చుంటే మేడమ్?"

"తెలీదు" అంది మళ్ళీ. "అప్పుడు చిన్నదిగా ఉండేదేమో. అంతవరకే అనగలను."

బడులు తెరిచిన వారమే ఆపరేషన్ జరిగింది. అప్పటికి తొలకరి వానలు పడుతున్నాయి. మా వీధిలో పిల్లలు వదిన కుట్టిన లాగులేసుకుని గొడుగుల కింద నడిచి వెళ్తుంటే నేను క్యారియర్ పట్టుకుని ఎదురెళ్ళేదాన్ని. ఎడమ రొమ్ము మొత్తం తీసేశారు. చంకలో గ్రంథులు కూడా తీసి మా ల్యాబుకే పంపారు. ఆ డబ్బా వచ్చిన రోజు సెలవు పెట్టాను.

అన్నయ్య నన్ను ఒక్క మాట అనలేదు. కాకపోతే నాతో మాట్లాడేటప్పుడు గోడ గడియారం కేసి చూసి మాట్లాడేవాడు. ఎదురింటావిడ ఎవరిదో రిపోర్టు పట్టుకుని వస్తే, నేను నోరు తెరవకముందే, "డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళమనండి" అన్నాడు. వాడు చెప్పింది మంచి మాటే.

పది రోజులకి ఆఖరి రిపోర్టు సిద్ధమైంది. ల్యాబు సిబ్బందిని కదా, కవరు నా చేతికే ఇచ్చారు. ఇంటికి తెచ్చాను. వదిన మంచం మీద దిండుకి ఆనుకుని ఉంది. అన్నయ్య పక్కన స్టూలు మీద ఉన్నాడు. ముగ్గురం కవరు కేసి చూశాం. నా బొటనవేలు అలవాటు కొద్దీ అంచు కిందికి వెళ్ళింది.

"అలా పెట్టమ్మా" అంది వదిన. ఎప్పుడూ "పిల్లా" అనే మనిషి. "రేపు ఎలాగూ సర్జన్ దగ్గరికి వెళ్తాం. ఆయనే చదువుతాడు."

కవరు బల్ల మీద పెట్టాను. గాలికి ఎగరకుండా తన కత్తెర దాని మీద పెట్టింది. ఆ రాత్రి అందరం పెందరాళే పడుకున్నాం.

మర్నాడు సర్జన్ కవరు చింపి, లోలోపల చదువుకుని, తర్వాత మాకు చెప్పాడు. గడ్డ మొత్తం వచ్చేసింది. కోసిన అంచుల్లో క్యాన్సర్ లేదు. చంకలో పద్నాలుగు గ్రంథులు తీస్తే రెండింట్లో ఉంది. మందులు ఎక్కించాలి, తర్వాత రేడియేషన్ కరెంటు పెట్టాలి. "అంచులు బాగున్నాయి, అది మంచి విషయం. గ్రంథుల్లోకి వెళ్ళింది, దాన్ని ఊరికే వదలకూడదు. రెండూ నిజమే" అన్నాడు.

అన్నయ్య తలూపుతూనే ఉన్నాడు. వదిన ఆయన చెప్పినంతసేపూ ఆయన కేసే చూసింది. అంతా అయ్యాక నా వైపు తిరిగింది.

"అంటే ఏమిటే పిల్లా? బతుకుతానా?"

గదిలో ఫ్యాను తిరుగుతోంది. పద్నాలుగింట్లో రెండంటే ఎంతో నాకు లెక్క తెలుసు. అలాంటి రిపోర్టులు వందల కొద్దీ చూశాను. అలాంటి వాళ్ళు కొందరు ఇంకా వీధిలో కూరగాయలు బేరమాడుతూ కనిపిస్తారు. కొందరు కనిపించరు. బతుకుతావు వదినా అనడానికి నోరు తెరిచాను కూడా.

"నాకు తెలీదు వదినా" అన్నాను.

సర్జన్ కాగితం కిందికి దించాడు. అన్నయ్య ఇన్నాళ్ళలో మొదటిసారి నా మొహంలోకి చూశాడు.

"ఈ మాట అప్పుడే అనుంటే సరిపోయేది కదే" అంది వదిన.

ఆ తర్వాత ఎప్పుడూ ఇంకో మాట అనలేదు. అదొక్కటే అంది. గట్టిగా కూడా అనలేదు.

బయటికొచ్చేసరికి వాన తెరిపిచ్చింది. బస్సు వచ్చింది. అన్నయ్య వెళ్ళి డ్రైవర్ వెనక సీట్లో కూర్చుని, ఆ డ్రైవర్ బ్రేకు వేసిన ప్రతిసారీ గొణుక్కుంటున్నాడు. వదిన ఇద్దరు పట్టే సీట్లో కుడివైపు కిటికీ పక్కకి జరిగింది. నేను ఎక్కడ కూర్చోవాలో తెలియక కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. కుట్లున్నది ఎడమవైపు. బస్సు కుదిపితే తగులుతుంది. ఆ పది రోజులూ ఆ పక్కకి అన్నయ్యని కూడా రానివ్వలేదు తను.

"ఏం, నిలబడే వస్తావా?" అంది. ఎడమచెయ్యి ఎత్తలేక, కళ్ళతోనే పక్క సీటు చూపించింది.

కూర్చున్నాను. గుంటల దగ్గర తనకి తగలకుండా ముందు సీటు కడ్డీ పట్టుకుని బిగదీసుకున్నాను. రెండు స్టాపులు దాటాక వదిన తల నా భుజం మీదికి ఒరిగింది. నిద్రపోయిందో, ఊరికే కళ్ళు మూసుకుందో నాకు తెలీదు. మా స్టాపు వచ్చేదాకా కదల్లేదు నేను.